విగ్రహం పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయడం ఎలా?

మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. మొన్నామధ్య వాట్సాప్‌లో ఒక రాతి తల ఫొటో పంపాడు. ఎవరో పెద్దాయన పోతే ఆ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారట, అందులో కనపడింది. "అన్నయ్యా, మన దేవుడిలానే ఉన్నాడు. రేటు కూడా పెద్దగా లేదు. తీసుకోనా?" అని అడిగాడు. ముఖం బాగుంది, నిజమే. నేను మాత్రం "మెడ కింద భాగం ఫొటో తీసి పంపు" అన్నాను. తల ఒక్కటే చేతికొచ్చిందంటే మొండెం ఎక్కడో నిలబడే ఉందన్నమాట కదా.

ఆ తర్వాత వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. విగ్రహం, రాతి పలక, తాళపత్రం ఏదైనా సరే. మీరు కొనబోతున్నా, ఎవరైనా కానుకగా ఇస్తున్నా, మీ పొలంలో బయటపడినా, మీ ఊరి గుడిలోంచి పోయినదాన్ని వెతుకుతున్నా పనికొస్తుంది. పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: అమ్మేవాడు చెప్పే కథకు, అమ్మేవాడి చెయ్యి పడని సాక్ష్యం ఏదైనా ఉందా?

ముందు చట్టం సంగతి

ఇది తెలియకుండా మిగతావి చూసి లాభం లేదు. మన దేశంలో పురావస్తువులు, కళాసంపద చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమలవుతోంది. వందేళ్ళు దాటిన శిల్పం, విగ్రహం, చిత్రం, నాణెం, శాసనం లాంటివన్నీ పురావస్తువులే. చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. కాబట్టి తాతగారి అటకమీది తాళపత్రాలు కూడా ఇందులోకి వస్తాయి. వీటిని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. ఇంట్లో పెట్టుకోవడం నేరం కాదు. కానీ రాయి, లోహం, మట్టి, దంతం, చెక్క శిల్పాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఉంటే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ దగ్గర రిజిస్టరు చేయించాలి. చేతులు మారితే ఆ సంగతీ తెలపాలి. పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి.

చాలామంది ఇక్కడొక పొరపాటు పడతారు. "1972కి ముందు బయటికెళ్ళిపోయింది, కాబట్టి గొడవ లేదు" అంటారు. అంతకుముందే, 1947లోనే, పురావస్తువుల ఎగుమతి నియంత్రణ చట్టం ఒకటి ఉండేది. లైసెన్సు లేకుండా అప్పుడూ పంపకూడదు. అందుకే ఎవరైనా "ఇది 1965లో లండన్ చేరింది" అంటే, "మంచిది, ఆ లైసెన్సు కాగితం చూపించండి" అనొచ్చు. నూటికి తొంభైమంది ఆ మాట దగ్గరే తడబడతారని నా అనుమానం.

వస్తువును చూడండి, కథ తర్వాత వినండి

అమ్మేవాడు నోరు విప్పకముందే వస్తువు చెప్పేది ఎక్కువ. రాతి శిల్పమైతే మూడు చోట్ల చూడాలి: మెడ, పాదాలు, వీపు. చీలమండల దగ్గర తెగిపోయి ఉంటే, పీఠం గర్భగుడిలోనో మంటపంలోనో అతుక్కుని ఉండిపోయిందని అర్థం. పెకలించే తీరిక లేక నరికారు. వీపు వైపు చదునుగా, రంపం గీతలతో ఉంటే అది గోడలో భాగం. మోయడానికి బరువు తగ్గాలని వెనక రాయి కోసేశారు. పాత విరుగు రాయి రంగులోనే మాగిపోయి ఉంటుంది. కొత్త విరుగు లోపలి రంగు చూపిస్తూ పచ్చిగా కనపడుతుంది. మా తమ్ముడు పంపిన ఫొటోలో మెడ తెల్లగా, పొడి రాలేట్టుగా ఉంది. వాడికి చెప్పాల్సింది అక్కడే అయిపోయింది.

పంచలోహ విగ్రహమైతే పీఠం తిప్పి చూడండి. పక్కన రంధ్రాలో, కొక్కేలో ఉంటే అవి ఊరేగింపులో కర్రలు దూర్చడానికి, తాళ్ళు కట్టడానికి పెట్టినవి. అంటే అది ఉత్సవ మూర్తి. ఉత్సవ మూర్తిని ఎవరి షోకేసు కోసమూ పోయరు. అది ఒక ఊరిది, ఒక గుడిది. తరతరాల అభిషేకాలకు ముక్కు, బుగ్గలు అరిగిపోయి నునుపెక్కి ఉంటే ఆ అరుగుదల కూడా సాక్ష్యమే.

మట్టి అంటుకుని ఉంటే దయచేసి కడగకండి. చింతపండు పెట్టి తోమితే విగ్రహం మెరుస్తుంది, కేసు పోతుంది. తమిళనాడులోని పత్తూరు నటరాజు సంగతి చూడండి. 1976లో ఒక కూలీ తవ్వుతుంటే బయటపడ్డాడు, చేతులు మారి లండన్ చేరాడు. ఒక కెనడా కంపెనీ కొన్నది. కేసు లండన్ కోర్టులో ఏళ్ళ తరబడి నడిచి 1991లో నటరాజు ఇండియాకు వచ్చాడు. ఆ విగ్రహం పత్తూరు గుడిదే అని తేల్చడానికి కోర్టులో చర్చకు వచ్చినవాటిలో దానిమీది మట్టి, చెదలు పెట్టిన దారుల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. చెదపురుగు సాక్ష్యం చెప్పిందన్నమాట. ఇంకో విశేషం, ఆ కేసులో గుడిని కూడా ఒక కక్షిదారుగా ఇంగ్లండు కోర్టు ఒప్పుకుంది.

తర్వాత రాయిని బట్టి ఊరిని ఊహించండి. తెల్లటి, కాస్త ఆకుపచ్చ జీర ఉన్న సున్నపురాయి మీద బౌద్ధ శిల్పం కనపడితే మనసు నేరుగా కృష్ణా తీరానికి, పల్నాటికి వెళ్ళాలి: అమరావతి, నాగార్జునకొండ, జగ్గయ్యపేట, చందవరం. నల్లటి గట్టి రాయి మీద నగలు కూడా లెక్కపెట్టగలిగేంత సన్నని చెక్కడముంటే కాకతీయుల వైపో, హేమావతి నొళంబ రాజుల వైపో చూడాలి. ఊరు ఖచ్చితంగా దొరక్కపోయినా వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది.

ఒక హెచ్చరిక. "ల్యాబులో పరీక్ష చేయించాం, నిజంగా వెయ్యేళ్ళది" అని సర్టిఫికెట్ చూపిస్తారు. అది వయసు చెప్తుంది, దొంగతనం గురించి చెప్పదు. నిజానికి వస్తువు అసలైనదని తేలేకొద్దీ మీకు టెన్షన్ పెరగాలి, తగ్గకూడదు. నకిలీ కొంటే డబ్బు ఒక్కటే పోతుంది.

కాగితాలను తేదీలతో పట్టుకోండి

ఇక్కడ కాస్త ఆగుదాం. అసలు ఆట అంతా ఇక్కడే ఉంది.

ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా సంవత్సరాలు రాయండి. వస్తువు ఏ సంవత్సరంలో ఎవరి దగ్గర ఉందో, దానికి ఆధారమేంటో పక్కన రాయండి. "ఒక యూరప్ కుటుంబం సేకరణ", "1960ల్లో సంపాదించినది" లాంటి మాటలకు ఎదురుగా ఖాళీ వదలండి. అవి ఆధారాలు కావు, వాక్యాలు. చివర్లో ఆ కాగితం చూస్తే ఎంత రాతో, ఎంత ఖాళీయో మీకే తెలుస్తుంది. ఖాళీ ఉన్నంత మాత్రాన దొంగసొత్తు అయిపోదు. కానీ ఆ ఖాళీ సరిగ్గా 1970, 1976 లాంటి చట్టం గీతల మీదుగా పోతుంటే ఊరికే వదలకూడదు. 1970 ఎందుకంటే, సాంస్కృతిక సంపద దొంగ రవాణా మీద యునెస్కో ఒప్పందం ఆ ఏడాదిదే. మన దేశం 1977లో అందులో చేరింది. పెద్ద మ్యూజియాలు చాలావరకు 1970నే గీతగా పెట్టుకుంటాయి. ఆ సంగతి దొంగలకూ తెలుసు. అందుకే దొంగ కాగితాల్లో వస్తువులన్నీ చిత్రంగా 1970కి కాస్త అటూ ఇటూగానే దేశం దాటేస్తాయి.

శ్రీపురందాన్ నటరాజు కథ దీనికి పాఠం లాంటిది. తమిళనాడు అరియలూరు జిల్లాలో శ్రీపురందాన్ అనే పల్లె. పూజలు ఆగిపోయిన చోళుల కాలం గుడి. 2006లో అక్కణ్ణుంచి విగ్రహాలు పోయాయి. న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ ఆ నటరాజును 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి సుమారు 50 లక్షల అమెరికా డాలర్లకు అమ్మాడు. కాగితాలు లేకుండా అమ్మలేదు. ఒక సూడాన్ దౌత్యవేత్త భార్య 1970లో ఢిల్లీలో కొన్నట్టు రసీదు, ఆమె సంతకంతో ఉత్తరం, అన్నీ ఉన్నాయి. ఢిల్లీ, దౌత్యవేత్త, 1970. వినడానికి ఎంత పద్ధతిగా ఉందో చూడండి. ఆ కాగితాల్లో లేనిది ఒక్కటే: ఆ పల్లె పేరు. కపూర్ 2011లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికాడు, 2012లో ఇండియాకు తెచ్చారు, 2022లో కుంభకోణం కోర్టు ఇంకో విగ్రహాల చోరీ కేసులో పదేళ్ళ శిక్ష వేసింది. నటరాజు 2014 సెప్టెంబరులో తిరిగొచ్చాడు.

మరి కాగితం దొంగదో కాదో ఇంట్లో కూర్చుని ఎలా పట్టుకోవాలి? తెలుగువాళ్ళకు మన దగ్గర మంచి ఆయుధాలున్నాయి. కాగితం మీద ఉన్న తేదీని, ఆ కాగితంలో వాడిన మాటలను పక్కపక్కన పెట్టి చూడండి.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. 1968 నాటి రసీదులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఇక మిగతాది చదవక్కర్లేదు. మన దగ్గర మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలే. కాబట్టి 1974 నాటి కాగితంలో "మండలం" అని గానీ, ఎమ్మార్వో ముద్ర గానీ ఉంటే అది ఆ తర్వాత పుట్టిన కాగితం. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అనే పేరుతో ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. 1965 ఉత్తరంలో "ప్రకాశం జిల్లా" అని ఉంటే రాసినాయన జ్యోతిష్కుడై ఉండాలి. రంగారెడ్డి జిల్లా 1978లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అనే రాష్ట్రమే 1956 నవంబరు 1న ఏర్పడింది. మద్రాసు రాష్ట్రం 1969లో తమిళనాడు అయింది, మద్రాసు నగరం 1996లో చెన్నై అయింది. బొంబాయి 1995లో ముంబై. నయాపైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి. రూపాయికి ఇప్పుడున్న గుర్తు 2010లో వచ్చింది. ఇలాంటి పొరపాటు ఒక్కటి దొరికితే చాలు, కట్ట మొత్తం అనుమానమే.

రసీదు ఇచ్చిన షాపు అప్పట్లో ఉందా, పాత టెలిఫోన్ డైరెక్టరీలో, పాత పత్రికల ప్రకటనల్లో కనపడుతుందా అన్నదీ వెతకొచ్చు. ఇంకోటి: చనిపోయినవాళ్ళ పేర్లు పాత యజమానులుగా ఎక్కువ కనపడితే జాగ్రత్త. వాళ్ళు వచ్చి కాదనలేరు కదా.

ఫొటో కోసం వేట

కాగితం అమ్మేవాడి వైపు నుంచి వస్తుంది. ఫొటో ఊరివైపు నుంచి వస్తుంది. అందుకే ఫొటోదే పైచేయి.

శ్రీపురందాన్ నటరాజు గుట్టు రట్టు చేసింది కూడా ఫొటోనే. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1950ల నుంచి దక్షిణాది గుళ్ళు తిరిగి విగ్రహాల ఫొటోలు తీసి దాచారు. శ్రీపురందాన్ గుడికి 1994లో వెళ్ళారు. 1970లో ఢిల్లీలో అమ్ముడుపోయానని కాగితం చెప్తున్న నటరాజు, 1994 ఫొటోలో గుడిలోనే ఉన్నాడు! తమిళనాడులోని అనంతమంగళం నుంచి 1978లో పోయిన సీతారామలక్ష్మణులు 2020లో లండన్ నుంచి రావడానికి ఆధారమైంది కూడా ఆ సంస్థ 1958లో తీసిన ఫొటోనే. అప్పుడు కెమెరా పట్టుకుని ఎండలో తిరిగిన ఆ మనిషి దీన్ని ఊహించి ఉండడు.

మన కథా ఒకటుంది. దొనకొండకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే బౌద్ధ స్థలం. 1960ల్లో వెలుగులోకి వచ్చింది, 1970ల్లో తవ్వకాలు జరిగాయి. అక్కడి సున్నపురాయి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులది, మూడో శతాబ్దం నాటిది, 2005లో అదే ఆస్ట్రేలియా గ్యాలరీకి చేరింది. అమ్మింది న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్. చాలా ఏళ్ళ కిందటే హాంకాంగ్‌లో కొన్నదంటూ పాత యజమాని చరిత్ర జోడించారు. ఈ శిల్పానికి మాత్రం తవ్వకాల తర్వాత, దొంగతనానికి ముందు ఇక్కడే తీసిన ఫొటో ఉంది. 2016 సెప్టెంబరులో గ్యాలరీ దాన్ని మన ప్రభుత్వానికి అప్పగించింది. 2021లో వీనర్ న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుంది.

మీరు వెతకాల్సిన చోట్లు ఇవి. ఇంటర్‌పోల్ వాళ్ళ ఐడీ-ఆర్ట్ అనే యాప్ ఉచితం. ఫొటో తీస్తే పోయిన వస్తువుల జాబితాతో పోల్చి చూస్తుంది. తమిళనాడు విగ్రహాల విభాగం పోలీసులు పోయినవాటి ఫొటోలు పెడతారు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి గుళ్ళ ఫొటోల భాండారం ఇంటర్నెట్‌లో చూడొచ్చు, అందులో తెలుగు గుళ్ళు చాలా ఉన్నాయి. పురావస్తు శాఖ పాత వార్షిక నివేదికలు చాలావరకు స్కాన్ అయి దొరుకుతాయి. గూగుల్‌లో ఫొటో పెట్టి వెతకడం సరేసరి. ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్ పేరుతో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. వేలం పుస్తకాల్లో బొమ్మల్ని పాత ఫొటోలతో పోల్చడమే వాళ్ళ పని.

"జాబితాలో లేదు" అనే సర్టిఫికెట్‌ను మాత్రం నమ్మకండి. శ్రీపురందాన్ నటరాజును కొనేముందు గ్యాలరీవాళ్ళు పోయిన కళాఖండాల జాబితాలో వెతికించారు. లేదు అని వచ్చింది. ఎలా ఉంటుంది? తాళం వేసిన గుడి. లోపల విగ్రహాలు లేవని ఊరివాళ్ళకే 2008లో గానీ తెలియలేదు. ఫిర్యాదు లేనిదే జాబితాలోకి ఎక్కదు. తవ్వి తీసిన వస్తువైతే అసలు ఏ జాబితాలోనూ ఉండదు, అది ఉందని భూమికి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి.

రెండు ఫొటోలు ఒకటేనా?

ఇది ఓపిక పని. అందం చూడకండి, దెబ్బలు చూడండి. ఒకే శైలిలో పోసిన రెండు విగ్రహాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ ఇద్దరికీ ఒకేచోట పుట్టుమచ్చ ఉండదు. విరిగిన వేలు, ప్రభావళిలో ఒంగిన జ్వాల, పీఠం అంచున సొట్ట, పోతలో వచ్చిన చిన్న గుంట, రాతిలో సహజంగా ఉన్న చార: ఇలాంటివి కనీసం నాలుగైదు కలవాలి. ప్రభావళి జ్వాలలు రెండు వైపులా విడివిడిగా లెక్కపెట్టండి. కలవని గుర్తు ఒకటి కనపడితే అది తర్వాత తగిలిన దెబ్బో, అతుకో కావచ్చు, వేరే విగ్రహమే కావచ్చు. పాత ఫొటోలో విరిగి ఉన్నది కొత్త ఫొటోలో బాగుంటే మరమ్మతు చేశారనుకోవచ్చు. పాతదానిలో లేని అరుగుదల కొత్తదానిలో ఉంటే ఆలోచించాలి.

గుడిలో ఉన్న విగ్రహమే నకిలీ అయ్యే అవకాశం కూడా ఉంది. తమిళనాడులోని శివపురం నటరాజు 1951లో పొలంలో దొరికాడు. మరమ్మతుకని శిల్పి దగ్గరికి పంపితే, అచ్చం అలాంటిదే చేసి గుడికి పంపి అసలును బయటికి దాటించారు. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆ నకలుకే పూజ చేశారు. అసలు విగ్రహం అమెరికాలో నార్టన్ సైమన్ సంస్థకు చేరి, ఒప్పందం మీద 1986లో తిరిగొచ్చింది. కాబట్టి "మా గుడిలో విగ్రహం భద్రంగానే ఉంది" అన్న మాటకు కూడా పాత ఫొటో కావాలి.

అమ్మేవాణ్ణి ఏం అడగాలి

దబాయించకుండా, రాతపూర్వకంగా అడగండి. ఇండియాలోనైతే లైసెన్సు నంబరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దానిమీది ఫొటో. విదేశంలోనైతే ఇండియా దాటిన సంవత్సరం, ఎగుమతి అనుమతి, మీకంటే ముందు యజమాని ఎవరు, ఆయన ఎవరి దగ్గర కొన్నాడు. "క్లయింట్ల వివరాలు చెప్పకూడదు" అనే జవాబు వస్తుంది. చెప్పకపోవడం ఆయన హక్కు, కొనకపోవడం మీ హక్కు. అమెరికా చట్టంలోనూ దొంగ దగ్గర కొన్నవాడికి యాజమాన్యం రాదు. అంటే తెలియక కొన్నా వస్తువు పోతుంది, డబ్బు కోసం అమ్మినవాడి వెంట మీరే పడాలి.

కొత్తగా చేయించిన విగ్రహం విదేశానికి తీసుకెళ్ళేవాళ్ళకు వేరే తలనొప్పి. స్వామిమలైలో పోయించింది కూడా పాతదిలా కనపడితే ఎయిర్‌పోర్టులో ఆపుతారు. శిల్పి ఇచ్చిన బిల్లు దగ్గర పెట్టుకోండి. అనుమానం వచ్చే రకమైతే ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోండి.

కాగితాలు పక్కాగా ఉన్నా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాలు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చాయో 1898 నుంచి అందరికీ తెలుసు. తన ఎస్టేటులో స్తూపం తవ్వించిన తెల్లదొర వాటా ఆయన వారసులకు చేరింది. 2025 మేలో హాంకాంగ్‌లో సదబీస్ అనే వేలం సంస్థ అమ్మకానికి పెడితే మన ప్రభుత్వం నోటీసు ఇచ్చింది, వేలం ఆగింది, జూలైలో అవి ఇండియా చేరాయి. బుద్ధుడి అస్థికలతోపాటు పూడ్చిన వాటిని అమ్ముకోవచ్చా అన్నదే అక్కడి ప్రశ్న, రసీదు ఉందా అన్నది కాదు. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న సంగతి తలచుకున్నా ఇదే చిక్కు. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి పంపినవి అవి, దారి అంతా రికార్డుల్లో ఉంది. అవి మనకు రావాలనే నా కోరిక. అయితే అంతకుముందే ఆ స్తూపం రాళ్ళను మనవాళ్ళే కట్టడాలకు, సున్నానికి వాడేశారన్నదీ దాచకూడదు.

అనుమానం వస్తే, లేదా పొలంలో దొరికితే

విదేశంలో అమ్మకానికి కనపడిందా? అమ్మేవాడితో వాదనకు దిగకండి, ప్రకటన మాయమవుతుంది. ముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు, లాట్ నంబరు, తేదీ, అన్ని ఫొటోలు దాచండి. తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు, అక్కడి మన రాయబార కార్యాలయానికి రాయండి. అమెరికాతో మన దేశానికి 2024 జూలైలో సాంస్కృతిక సంపద ఒప్పందం కూడా కుదిరింది. అనుమానం తప్పని తేలినా మీకు పోయేదేమీ లేదు. అందరికీ తెలిసేలా ఫేస్‌బుక్‌లో పెట్టడం మాత్రం చివరి పని.

పొలం దున్నుతుంటే విగ్రహమో, లంకెబిందో బయటపడితే మన ఊళ్ళలో రెండు జరుగుతాయి: పసుపు కుంకుమ పెట్టి అభిషేకం మొదలుపెట్టడం, లేదా రాత్రికి రాత్రి మాయం చేయడం. రెండూ వద్దు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే శిక్ష. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఆ చట్టంలో దొరికినవాడికి వాటా ఉంది. సొంతదారులెవరూ లేరని తేలి, భూమి యజమానితో వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడొంతులు దొరికినవాడికి, మిగతాది భూమి యజమానికి. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే విలువ మీద అయిదో వంతు అదనంగా కట్టి తీసుకుంటుంది. దాచినవాడు దళారికి కారుచౌకగా అమ్ముకుని జీవితాంతం భయపడతాడు. కలెక్టరుకు ఒక దరఖాస్తు, దానికి రసీదు, ఒక ఫొటో. అంతే.

ఇది అనుకోకుండా దొరికిన వాటి సంగతి. గుప్తనిధులంటూ క్షుద్రపూజలు చేసి గుళ్ళు తవ్వడం, పొట్టలో వజ్రాలున్నాయని నందుల్ని పగలగొట్టడం వేరే. అది దొంగతనం, విధ్వంసం. బియ్యం గింజల్ని లాక్కునే మహిమ ఉందంటూ ఇరిడియం చెంబు అమ్మే మోసగాళ్ళ గురించి ఇక్కడ రాయను. వాళ్ళకు పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు, అమాయకుడు చాలు.

మీ ఊరి గుడికి మీరు చేయాల్సింది

పైన చెప్పినవాటిలో గెలిచిన కేసులు వరసగా చూడండి: 1958 ఫొటో, 1994 ఫొటో, చందవరం ఫొటో. మీ ఊరి గుడి విగ్రహాలకు అలాంటి ఫొటో ఉందా? పండుగ ఫొటోల్లో ఉంటుంది, పూలదండల వెనక ముఖం ఒక్కటి. పనికిరాదు.

పూజారిగారితో మాట్లాడండి. మూలవిరాట్టును ఫొటో తీయకూడదనే ఆచారం ఉంటే గౌరవించండి. ఎక్కువగా పోయేవి ఉత్సవ మూర్తులే, అవే ముందు కావాలి. అలంకారం తీసి, అభిషేకానికి ముందు ఉన్న సమయం అడగండి. ఆయన చేత్తో ఆయనే తిప్పుతుంటే మీరు దూరం నుంచి తీయొచ్చు. "ఫొటోలు తీస్తే దొంగలకు దారి చూపినట్టే" అని ఎవరో ఒకరు అంటారు. దొంగకు గుడిలో ఏముందో ఎప్పుడో తెలుసు. తెలియనిది పోలీసులకు, కోర్టుకు. అయినా ఆ భయం తీరాలంటే ఫొటోలు ఎక్కడా పోస్టు చేయనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఒక్కో విగ్రహానికి ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు. పక్కన స్కేలు పెట్టాలి. ఫ్లాష్ వద్దు, తలుపు దగ్గరి వెలుతురు చాలు. తర్వాత దగ్గరికెళ్ళి దెబ్బలు, గుంటలు, అతుకులు, పీఠం మీద అక్షరాలు విడిగా తీయండి. ఎత్తు, వీలైతే బరువు రాయండి. వెండి కవచాలు వేరే జాబితా. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే వాళ్ళ ఆస్తుల రిజిస్టరులో "పంచలోహ విగ్రహాలు 3" అని ఒక్క లైనే ఉండొచ్చు. మీ ఫొటోలు, కొలతలు జతచేసి ఈవోగారికి దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర మీది తేదీయే రేపు పనికొచ్చేది.

గుడి వాకిట్లో, చెరువు గట్టున, చెట్టుకింద పడి ఉన్న వీరగల్లుల్ని (వీరుల స్మారక శిలల్ని), నాగశిలల్ని, విరిగిన నందుల్ని కూడా వదలకండి. వాటికి కాపలా లేదు, లెక్క లేదు, రాత్రి ట్రాక్టరులో వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. అవి ఉన్న చోటు తెలిసేలా వెనక గుడి గోపురమో, కొండో కనపడేట్టు ఒక ఫొటో తీయండి.

ఫోన్‌లో ఉంచుకుంటే ఫోన్‌తోపాటే పోతాయి. ఒక సెట్టు అచ్చు వేయించి, వెనక పెన్సిలుతో ఊరు, గుడి, తేదీ, తీసినవాళ్ళ పేరు రాసి, ఊళ్ళో కాకుండా వేరే ఊళ్ళో ఉన్న మనిషి ఇంట్లో పెట్టండి. మా ఊరివి న్యూజెర్సీలో మా తమ్ముడి బీరువాలో ఉన్నాయి. ఆ రాతి తల కొనకపోయినందుకు వాడికి నేనిచ్చిన కానుక అది.